మొదటి కాన్పు దగ్గర కూర్చునే మనిషి కావాలి

సంపాదకులకు నమస్కారం.

సిజేరియన్లు తగ్గించాలని అధికారులు ఆసుపత్రులకు చెప్పారన్న వార్త జిల్లా పేజీలో తరచూ కనిపిస్తూనే ఉంటుంది. చెప్పడం మంచిదే. అయితే నొప్పులు పడుతున్న అమ్మాయి పక్కన గంటల తరబడి ఎవరు కూర్చోవాలన్న సంగతి ఆ వార్తల్లో ఉండదు. ఆపరేషన్లు తగ్గేదీ పెరిగేదీ చాలావరకు ఆ కుర్చీ దగ్గరే. తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో మిడ్‌వైఫ్‌ల సేవలు నిజంగా అందాలంటే ఏం ఉండాలో, ఎక్కడ తేడా వస్తుందో వివరంగా రాస్తున్నాం. పొడవైనా ప్రచురించగలరు.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే. దేశం సగటు 21.5. మన ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే 63 శాతం. ఒక జనాభా మొత్తమ్మీద సిజేరియన్లు 10 శాతం దాటాక, ఇంకా పెరిగినందువల్ల తల్లీబిడ్డల మరణాలు తగ్గినట్టు కనిపించలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లోనే చెప్పింది. అవసరమైన సిజేరియన్ ప్రాణం నిలబెడుతుంది, అందులో మాకు రెండో మాట లేదు. మా బాధంతా మొదటి కాన్పులో, తల కిందికి ఉన్న బిడ్డతో, ఏ జబ్బూ లేని అమ్మాయికి జరిగే ఆపరేషన్ గురించే. ఒకసారి కోత పడితే తర్వాతి కాన్పు కూడా ఎక్కువగా ఆపరేషనే అవుతుంది. ఆ పై కాన్పుల్లో మాయ పాత కుట్టు మీద అతుక్కునే ప్రమాదం ఒక్కో ఆపరేషన్‌తో పెరుగుతూ పోతుంది. అలా అతుక్కుపోయిన మాయ ఊడిరాక, రక్తం ఆగక, చివరికి గర్భసంచే తీసేయాల్సి రావచ్చు. మొదటి కాన్పును కాపాడుకుంటే ఆమె మిగతా కాన్పులన్నిటినీ కాపాడుకున్నట్టే.

మిడ్‌వైఫ్ అనగానే కొందరు మంత్రసాని మళ్లీ వస్తోందనుకుంటారు. ఇంకొందరు డాక్టరు లేకుండా కాన్పు చేసేస్తారని భయపడతారు. రెండూ కావు. కేంద్ర ఆరోగ్య శాఖ 2018 డిసెంబరులో విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) లేదా బీఎస్సీ నర్సింగ్ చదివి, కాన్పులు చేసిన అనుభవం ఉన్న నర్సుకు మరో 18 నెలలు ప్రత్యేకంగా శిక్షణ ఇస్తారు. ఆమె పనిచేసే గది పెద్ద లేబర్ రూమ్ పక్కనే, ఆపరేషన్ థియేటర్‌కు అందుబాటులో ఉండాలి. సాఫీగా సాగే కాన్పు ఆమెది, దారి తప్పిన కాన్పు డాక్టరుది. దారి తప్పుతున్నట్టు ముందే పసిగట్టడం ఆమె చదువులో అసలు భాగం.

అసలు చిక్కు నొప్పులు మొదలైన పూటే మొదలవుతుంది. సన్న నొప్పులు రాగానే ఇంటిల్లిపాదీ కంగారుపడి ఆసుపత్రికి తీసుకొస్తారు. చూస్తే గర్భాశయ ముఖద్వారం 2 సెంటీమీటర్లే తెరుచుకుని ఉంటుంది. ఈ తొలి దశ కొందరికి గంటల్లో ముగుస్తుంది, కొందరికి రోజు దాటుతుంది. రెండూ మామూలే. ఆమెను అప్పుడే మంచం ఎక్కించి, సెలైన్ పెట్టి, తిండీ నీళ్లూ ఆపేస్తే రాత్రికి నీరసపడుతుంది. బయట వరండాలో ఉన్నవాళ్లు ‘ఇంకా ఎంతసేపు?’ అని అడగడం మొదలుపెడతారు. సెలైన్‌లో నొప్పులు పెంచే మందు కలుస్తుంది. నొప్పికీ నొప్పికీ మధ్య విరామం తగ్గిపోతే బిడ్డకు ప్రాణవాయువు సరిగా అందదు, గుండె చప్పుడు పడిపోతుంది. అర్ధరాత్రి ఆపరేషన్. కేస్ షీట్‌లో ‘కాన్పు ముందుకు సాగలేదు’ అని రాస్తారు. సాగాల్సిన దశ మొదలే కాలేదు.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ లెక్క మార్చింది. 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాకే అసలు కాన్పు మొదలైనట్టు. గంటకో సెంటీమీటరు తప్పనిసరిగా తెరుచుకోవాలన్న పాత నియమాన్ని పట్టుకుని మందులు, ఆపరేషన్ల జోలికి పోవద్దంది. 2020లో వచ్చిన లేబర్ కేర్ గైడ్‌లో గడువులు స్పష్టంగా ఉన్నాయి. 5 సెంటీమీటర్ల దగ్గర 6 గంటలు, 6 దగ్గర 5 గంటలు, 7 దగ్గర 3 గంటలు, 8 దగ్గర రెండున్నర, 9 దగ్గర 2 గంటలు కదలకుండా ఉంటే అప్పుడు డాక్టరును పిలిచి ఆలోచించాలి. తల్లి, బిడ్డ బాగున్నంత వరకు ఆ గడువు లోపల తొందరపడాల్సిన పని లేదు. లోపలి పరీక్ష 4 గంటలకోసారి చాలు. వచ్చిన ప్రతి ఒక్కరూ చెయ్యి పెట్టి చూస్తే ఇన్‌ఫెక్షన్ వస్తుంది.

తొలి దశలో వచ్చిన అమ్మాయిని ఇంటికి పంపేయమని మేము అనడం లేదు. తిరుపతి టౌన్ వాళ్లయితే వెళ్లి రాగలరు. సత్యవేడు, వరదయ్యపాళెం వైపు నుంచి వచ్చినవాళ్లను, కుప్పం పక్కన గుడుపల్లె, రామకుప్పం పల్లెల నుంచి వచ్చినవాళ్లను వెనక్కి పొమ్మనడం అన్యాయం. వాళ్ల కోసం లేబర్ రూమ్ కాకుండా వేరే గది ఉండాలి. నడవడానికి చోటు, ఒక బాత్‌రూమ్, కూర్చోవడానికి చాపలు, పక్కన అమ్మో అత్తో. బీపీ, జ్వరం, బిడ్డ గుండె చప్పుడు, ఉమ్మనీరు పోయిందా లేదా అన్నవి మిడ్‌వైఫ్ చూసి, అన్నీ బాగుంటే ఆ గదిలోనే ఉంచాలి. రాగిజావ, మజ్జిగ, కొబ్బరినీళ్లు తాగనివ్వాలి. రెండు గంటలకోసారి మూత్రానికి వెళ్లమని గుర్తుచేయాలి. మూత్రసంచి నిండి ఉంటే బిడ్డ తల దిగదు. కాన్పయ్యాక గర్భసంచి గట్టిపడకుండా అడ్డుపడేదీ అదే.

అసలు కాన్పు మొదలయ్యాక బిడ్డ గుండె చప్పుడు 15 నుంచి 30 నిమిషాలకోసారి వినాలి. నొప్పి తగ్గుతున్నప్పుడు డాప్లర్ పెట్టి కనీసం ఒక నిమిషం పూర్తిగా లెక్కపెట్టాలి. బిడ్డ బయటికి వచ్చే దశలో 5 నిమిషాలకోసారి. ఇప్పుడు లెక్క వేయండి. ఒక నర్సు చేతిలో నలుగురు ఉంటే గంటకు తక్కువలో తక్కువ 8 సార్లు వినాలి. చెయ్యి కడుక్కోవడం, నొప్పి వచ్చేదాకా ఆగడం, వినడం, రాయడం కలిపి ఒక్కోదానికి 4 నిమిషాలు వేసుకున్నా గంటలో సగం దానికే పోతుంది. ఆ నలుగురిలో ఒకరికి కాన్పు దగ్గరపడితే మిగతా ముగ్గురి దగ్గరికి వెళ్లే దిక్కుండదు. అప్పుడు కాగితం తర్వాత నింపుతారు, 140, 142, 140 అని. అలాంటి కాగితం బిడ్డను కాపాడదు. ఇది నర్సు బద్ధకం అనుకోవద్దు, లెక్క కుదరదు. అసలు కాన్పు దశలో ఉన్న ఒక్కొక్కరికి ఒక మిడ్‌వైఫ్ అన్నది ఈ పద్ధతికి ప్రాణం. అది లేకపోతే గోడలకు కొత్త రంగు వేసి బోర్డు పెట్టినా ఉపయోగం లేదు.

గదిలో పెద్ద బంతి, స్టూలు, గోడకు కమ్మీలు, కింద పరుపు ఉంటాయి. అవి అలంకారానికి కావు. బంతి మీద కూర్చుని నడుము తిప్పితే కటి ఎముకల మధ్య బిడ్డ తల సర్దుకుంటుంది. బిడ్డ వీపు తల్లి వీపు వైపు ఉంటే నడుంనొప్పి భరించలేనంతగా ఉంటుంది. అప్పుడు చేతులు, మోకాళ్ల మీద ఆనుకుని ఉంటే హాయిగా ఉంటుంది. గొంతుక్కూర్చోవడం మన ఊళ్ల ఆడవాళ్లకు ఎవరూ నేర్పాల్సిన పని కాదు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకి కట్టడం చూసేవాళ్ల సౌకర్యానికి పుట్టిన పద్ధతి. వెల్లకిలా పడుకుంటే గర్భం బరువు పెద్ద రక్తనాళాల మీద పడి బీపీ తగ్గుతుంది, బిడ్డకు రక్తం తగ్గుతుంది. ఎడమ పక్కకు తిప్పగానే బిడ్డ గుండె చప్పుడు తేరుకోవడం ప్రతి లేబర్ రూమ్‌లో తెలిసిన సంగతే.

పూర్తిగా తెరుచుకుంది కదా అని ‘ముక్కమ్మా, ముక్కు’ అంటూ అరవడం మానాలి. ముక్కాలన్న ఒత్తిడి ఆమెకే వస్తుంది. అది రాకముందే ముక్కిస్తే సగం శక్తి వృథా. మొదటి కాన్పుకు ఈ దశ 3 గంటల దాకా, తర్వాతి కాన్పులకు 2 గంటల దాకా పట్టవచ్చు. పొట్ట మీద మోచేత్తో నొక్కడం మాత్రం ఎక్కడ జరిగినా ఆపాల్సిందే. గర్భసంచి పగిలే ప్రమాదం ఉంది, కింద చీలిక లోతుగా పడుతుంది. మొదటి కాన్పు అనగానే బిడ్డ వచ్చే దారి వెడల్పు చేయడానికి కత్తెర వేయడం కూడా అవసరం లేదు. గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన శుభ్రమైన గుడ్డ ఆనించి, తలను ఒక్కసారిగా రానివ్వకుండా చేత్తో ఆపితే చాలామందికి చిన్న గీత తప్ప పడదు. కత్తెర అవసరమైన సందర్భాలు ఉంటాయి, అవి గుర్తుపట్టడానికే శిక్షణ.

తోడు గురించి ఒక్క మాట. ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాన్పు సమయంలో ఆడతోడు ఉండవచ్చని కేంద్రం 2016లోనే చెప్పింది. మంచాల మధ్య కర్టెన్లు లేవన్న కారణంతో తోడును బయట నిలబెడుతున్నచోట ముందు కర్టెన్లు కొనండి. ఆ ఖర్చు ఎంతని!

బిడ్డ పుట్టాక వచ్చే గంట గురించి కొంచెం ఎక్కువే రాస్తాం, తల్లి ప్రాణానికి ముప్పు ఎక్కువగా ఉండే సమయం అది కనుక. బిడ్డ బయటికి రాగానే పొట్ట తడిమి రెండో బిడ్డ లేదని తేల్చుకుని, ఒక నిమిషంలోపు గర్భసంచిని బిగించే ఆక్సిటోసిన్ మందు 10 యూనిట్లు కండకు ఇవ్వాలి. ఆంపుల్ 5 యూనిట్లదైతే రెండు కావాలి. హడావిడిలో ఒకటే ఇచ్చి ఊరుకోవడం మామూలు పొరపాటు. మరో పొరపాటు కంటికి కనబడదు. ఈ మందును 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. డెలివరీ ట్రేలో పొద్దుటి నుంచి పెట్టేసి, మన రాయలసీమ ఎండల్లో సాయంత్రం వాడితే అందులో బలం ఎంత మిగిలి ఉంటుందో ఎవరూ చెప్పలేరు. లేబర్ రూమ్‌లోనే చిన్న ఫ్రిజ్, అందులో థర్మామీటరు, కరెంటు పోతే ఐస్ ప్యాక్ ఉన్న డబ్బా ఉండాలి. ఇదే మందును బిడ్డ పుట్టకముందు నొప్పులు పెరగాలని కండకు పొడిస్తే అది ఘోరం. డ్రిప్ అయితే చుక్కలు ఆపేయవచ్చు, కండలోకి వెళ్లిన సూదిని వెనక్కి తీసుకోలేం. ఎక్కడైనా ‘నొప్పుల సూది వేస్తాం’ అంటే, ఏ సూది అని ఇంటివాళ్లు అడగాలి.

మాయను లాగేటప్పుడు గర్భసంచి గట్టిపడి ఉండాలి, రెండో చేత్తో పొట్ట మీద దాన్ని పైకి ఆపిపట్టాలి. మెత్తగా ఉన్నప్పుడు బొడ్డుతాడు లాగితే తాడు తెగడం, గర్భసంచి తిరగబడి బయటికి రావడం జరుగుతాయి. వచ్చిన మాయను పళ్లెంలో పరిచి, ముక్క ఏదీ లోపల ఉండిపోలేదని చూడాలి. ఆ తర్వాత రెండు గంటలు 15 నిమిషాలకోసారి గర్భసంచి గట్టిగా ఉందా, రక్తం ఎంత పోతోంది, నాడి, బీపీ ఎలా ఉన్నాయి చూస్తూ ఉండాలి. రక్తం ఎంత పోయిందో కంటితో అంచనా వేస్తే ఎప్పుడూ తక్కువే చెప్తాం. గుడ్డలు పీల్చుకున్నది, బకెట్‌లో పడింది లెక్కలోకి రాదు. కొలత గీతలున్న ప్లాస్టిక్ షీట్ తల్లి కింద పరిస్తే మిల్లీలీటర్లలో కనబడుతుంది. 2023లో వెలువడిన ఆఫ్రికా దేశాల పరిశోధనలో ఈ షీట్‌తో కొలిచి, గర్భసంచి మర్దన, ఆక్సిటోసిన్, రక్తం ఆపే ట్రానెగ్జామిక్ ఆమ్లం, సెలైన్, పరీక్ష అన్నీ ఒకేసారి మొదలుపెడితే తీవ్ర రక్తస్రావం, దానివల్ల ఆపరేషన్ లేదా మరణం కలిపి 60 శాతం తగ్గాయి. ఒకటి ఇచ్చి చూసి, అది పనిచేయకపోతే ఇంకొకటి అనే పాత పద్ధతిలో సమయం చేజారిపోతుంది. 500 మిల్లీలీటర్లు దాటితే రెండో ఆలోచన అక్కర్లేదు. 300 దాటి నాడి, బీపీ తేడాగా ఉన్నా ఆగకూడదు. ట్రానెగ్జామిక్ ఆమ్లం 1 గ్రాము, 10 నిమిషాల్లో నరానికి, కాన్పయిన 3 గంటల లోపల. షీట్లు, ఈ మందు ఉన్న డబ్బా తాళం లేకుండా మంచం పక్కనే ఉండాలి. తాళం చెవి స్టోర్ ఇన్‌చార్జి దగ్గర ఉన్న అర్ధరాత్రులు మనకొద్దు.

బిడ్డ సంగతి. పుట్టగానే పొడి గుడ్డతో తుడిచి తల్లి పొట్ట మీద వేయాలి. తడి గుడ్డ తీసేసి ఇంకో పొడి గుడ్డ కప్పాలి. గదిలో వేడి 25 డిగ్రీలకు తగ్గకూడదు. ఉక్కగా ఉందని పెద్దవాళ్ల కోసం ఏసీ, ఫ్యాను నడిపితే తడి బిడ్డ నిమిషాల్లో చల్లబడుతుంది. బొడ్డుతాడు కనీసం ఒక నిమిషం ఆగి, వీలైతే మూడు నిమిషాలకు కత్తిరించాలి. ఆ కాసేపట్లో మాయ నుంచి వచ్చే రక్తంలోని ఇనుము బిడ్డకు తర్వాతి నెలల్లో పనికొస్తుంది. మన రాష్ట్రంలో అయిదేళ్లలోపు పిల్లల్లో 63 శాతానికి రక్తహీనత ఉందని అదే సర్వే చెప్పింది. పైసా ఖర్చులేని ఈ మందును ఎందుకు వదులుకోవాలి? ఏడవని బిడ్డకు తుడిచి, వీపు రుద్ది, అయినా ఊపిరి అందకపోతే మొదటి నిమిషంలోపే మాస్క్ పెట్టి అంబు బ్యాగ్‌తో నిమిషానికి 40 నుంచి 60 సార్లు గాలి ఇవ్వాలి. నెలలు నిండిన బిడ్డకు 1 నంబరు మాస్క్, తక్కువ నెలల బిడ్డకు 0. మాస్క్‌ను అరచేతికి ఆనించి బ్యాగ్ నొక్కి, గాలి బిగువుగా తగులుతోందా అని ప్రతి కాన్పుకు ముందు చూసుకోవాలి. బిడ్డ పుట్టాక వెతుక్కునే బ్యాగ్ లేనట్టే లెక్క.

ఆరోగ్యంగా ఉన్న బిడ్డ మొదటి గంట తల్లి ఛాతీ మీదే ఉండాలి. బరువు చూడటం, విటమిన్ కె సూది, టీకాలు ఆ తర్వాత. ముర్రుపాలు పిండి పారబోయవద్దు. మొదటి స్నానం 24 గంటలు ఆగాలి. అవ్వలకు ఈ మాట నచ్చదని తెలుసు, అందుకే కాన్పుకు ముందే వాళ్లతో మాట్లాడాలి. బాలింతకు నీళ్లు తక్కువ ఇవ్వడం కూడా మానాలి.

ఎవరు ఈ గదిలో కనవచ్చో, ఎవరిని ఎప్పుడు పక్క గదికి మార్చాలో గోడ మీద రాసి ఉండాలి. ఒకే బిడ్డ, తల కిందికి, 37 వారాలు నిండి, పాత సిజేరియన్ లేకుండా, బీపీ 140/90కు లోపల, తీవ్ర రక్తహీనత లేకుండా ఉంటే మిడ్‌వైఫ్ గది. ఉమ్మనీరు పచ్చగా, చిక్కగా వచ్చినా, బిడ్డ గుండె చప్పుడు 110కి తగ్గినా 160కి చేరినా, జ్వరం వచ్చినా, కాన్పుకు ముందే రక్తం పోతున్నా, బీపీ పెరిగినా, మాయ 30 నిమిషాలకు రాకపోయినా డాక్టరు చేతికి. ఫిట్స్ వస్తే మెగ్నీషియం సల్ఫేట్ మొదటి డోసు మిడ్‌వైఫే వేయాలి: 1 గ్రాము ఆంపుల్స్ పది, రెండు పిరుదులకు అయిదేసి, లోతుగా. పిలవగానే డాక్టరు రావాలి, అనవసరంగా పిలిచావని విసుక్కోకూడదు. నాలుగుసార్లు కసిరించుకున్న మిడ్‌వైఫ్ అయిదోసారి పిలవడానికి సందేహిస్తుంది, ఆ సందేహానికి మూల్యం కట్టేది తల్లి.

శిక్షణ పొందిన వాళ్లను మూడు నెలలకోసారి సర్జికల్ వార్డుకో, ఓపీకో మార్చే అలవాటు ఈ పనికి పనికిరాదు. 18 నెలలు నేర్పించి సెలైన్ బాటిళ్లు మార్చడానికి వాడుకుంటే ఆ చదువు ఎందుకు? తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి నలుదిక్కుల నుంచి క్లిష్టమైన కేసులు రెఫర్ అవుతాయి. అక్కడ డాక్టర్ల చేతులు వాటితోనే నిండిపోతాయి. సాఫీ కాన్పులు పక్క గదిలో మిడ్‌వైఫ్‌లు చూసుకుంటే వాళ్లకూ వెసులుబాటు. చిత్తూరు జిల్లా ఆసుపత్రి, శ్రీకాళహస్తి, పుత్తూరు, నగరి, పలమనేరు లాంటి చోట్ల కూడా థియేటరు, మత్తు డాక్టరు, రక్తం అందుబాటు ఉన్నచోటే ఈ గది తెరవాలి. ఆ మూడూ లేనిచోట తెరిస్తే పేరు చెడేది మిడ్‌వైఫ్‌కే.

కొన్ని దేశాల పద్ధతిలో ఒక మిడ్‌వైఫ్ గర్భం మొదటి నుంచి బాలింత దాకా ఒకే తల్లిని చూస్తుంది. మన దగ్గర దానికో అడ్డంకి ఉంది, ఎవరూ పట్టించుకోరు. సీమంతం అయ్యాక అమ్మాయి పుట్టింటికి వస్తుంది. ఏడు నెలలు బెంగళూరులోనో చెన్నైలోనో చూపించుకుని, కాన్పుకు చిత్తూరు వస్తుంది. ఇక్కడివాళ్లకు ఆమె కొత్త మనిషి. అందుకని 34 వారాలకల్లా పుట్టింటి ఊరి ఏఎన్ఎం, ఆశా ఆమె పేరు నమోదు చేసి, కాన్పు జరగబోయే చోటి మిడ్‌వైఫ్‌ను కనీసం రెండుసార్లు కలిపించాలి. గది చూపించాలి, ఏ నొప్పికి రావాలి, ఏ నొప్పికి ఇంట్లో ఉండవచ్చు, ఏ గుర్తు కనబడితే వెంటనే 108కి ఫోన్ చేయాలి చెప్పాలి. ముహూర్తం మాట కూడా అప్పుడే తేల్చాలి. 39 వారాలు నిండకముందే మంచి ఘడియ అని కోసి తీసిన బిడ్డకు ఊపిరితిత్తుల్లో నీరు ఆరక ఆయాసం వచ్చే అవకాశం ఎక్కువ. ఆ బిడ్డ మొదటి రోజులు తల్లికి దూరంగా నవజాత శిశు విభాగంలో గడుస్తాయి. పెద్దలతో ఈ మాట గౌరవంగా, ముందుగా చెప్తే వింటారు. నొప్పుల గదిలో చెప్తే వినరు.

చివరగా, రేపే చేయగలిగిన పని ఒకటి. మొదటి కాన్పులో సిజేరియన్ జరిగిన ప్రతి తల్లికి, ఆ ఆపరేషన్ ఎందుకు చేశారో డిశ్చార్జి కాగితంలోనూ ఎంసీపీ (తల్లీబిడ్డల సంరక్షణ) కార్డులోనూ తెలుగులో రాసి ఇవ్వాలి. నొప్పులు వాటంతట అవే వచ్చాయా, ఆపరేషన్ నాటికి ఎన్ని సెంటీమీటర్లు, ఆ దశలో ఎన్ని గంటలు ఉంది, బిడ్డ గుండె చప్పుడు ఎంత, కోత గర్భసంచికి అడ్డంగా వేశారా నిలువుగా వేశారా. రెండో కాన్పుకు ఆమె ఏ ఊళ్లో ఏ ఆసుపత్రికి వెళ్లినా, మామూలు కాన్పుకు ప్రయత్నించవచ్చా అని చూసే డాక్టరు ముందుగా అడిగేవి ఇవే. ఇప్పుడు చాలామంది కాగితాల్లో ఆ చోట ఒక్క ముక్క ఇంగ్లీషు మాట ఉంటుంది, లేదా ఖాళీగా ఉంటుంది.

ఇట్లు,
కాన్పుల వార్డుల్లో పనిచేసే కొందరు నర్సులు,
తిరుపతి